పదకొండు దుబ్బులు

ఆ పొద్దున సుధ కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేచింది. ఒకసారి నీళ్ళకని, ఒకసారి ఫ్యాన్ ఆపడానికి, ఇంకోసారి ఆపిన ఫ్యాన్ మళ్ళీ వేయడానికి. కాలుగాలిన పిల్లిలా ల్యాబంతా తిరిగి, చివరికి అదే కాగితం ముందుకొచ్చి కూర్చుంటోంది. కాగితం మీద నూట ఇరవై చిన్న సున్నాలున్నాయి. ఒక్కో సున్నా ఒక్కో వరి దుబ్బు. పురుగు పట్టిన దుబ్బులకు ఎర్ర పెన్సిల్‌తో రంగు వేయాలి, అంతే. పదకొండు సున్నాలకు రంగు వేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పని అయిపోయి రెండు గంటలైంది. అప్పటినుంచీ ఆమె లేస్తున్నది ఆ కాగితాన్ని చూడకుండా ఉండడానికే.

జగిత్యాల వ్యవసాయ కళాశాలలో ఆమె ఎమ్మెస్సీ ముగింపుకొచ్చింది. చేస్తున్నది ఉల్లికోడు మీద. ఆ పురుగు వరి పిలకలోకి దూరితే, కంకి రావలసిన చోట ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం వస్తుంది. ఇక ఆ పిలక పనికిరాదు. రైతులు దాన్ని తప్పించుకోవడానికి తొందరగా నాటు వేస్తారు. సుధ పురుగు రావాలనే ఆలస్యంగా, ఆగస్టు చివర వేయించింది. ముప్పై రకాలు, ఒక్కోదానికి నూట ఇరవై దుబ్బులు. మడి చుట్టూ పురుగుకు బాగా ఇష్టమైన రకాన్ని ఎరగా పెట్టించింది. పదిహేడో నంబరు రకాన్ని కళాశాల ఫారంలో ఉల్లికోడు ఏనాడూ ముట్టలేదు. పోయిన వానాకాలం ఆమె మడిలో ముట్టింది. పదకొండు దుబ్బుల్లో.

గైడు శశిధర్ రావు గారు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని తానే బురదలోకి దిగి లెక్కపెట్టారు. ఆయన లెక్కా పదకొండే. గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటూ ఆయన అన్న మాట ఆమెకు ఇంకా చెవిలోనే ఉంది.

"పురుగు మారింది సుధా. ఇది ఎమ్మెస్సీల పట్టే ముచ్చట గాదు. పీహెచ్‌డీకి రాసుకో."

ఎమ్మెస్సీ నుంచి పీహెచ్‌డీకి ఎప్పుడు వెళ్ళాలి, వెంటనేనా, రెండేళ్ళు ఉద్యోగం చేశాకనా అని హాస్టల్లో తోటివాళ్ళు ఏడాదిగా తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. సుధకు ఆ ప్రశ్న గట్టు మీద ఒక్క పూటలో తీరిపోయింది. ఒక ప్రశ్న తీరిపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. పైగా శశిధర్ రావు గారికి రిటైర్మెంట్ దగ్గర పడింది. నిబంధనల ప్రకారం కొత్త విద్యార్థిని తీసుకోవడానికి ఆయనకు ఇదే ఆఖరు ఏడు. జూలై ఇరవై ఎనిమిదిలోగా థీసిస్ ఇచ్చేయాలి, పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాలి, దానికి పరిశోధన ప్రతిపాదన జత చేయాలి. ప్రతిపాదనలో మొదటి వాక్యమే ఆ పదకొండు దుబ్బుల గురించి. పక్కన ఒక పటం ఉంటే బాగుంటుందని ఆయనే అన్నారు. అందుకే ఈ రంగులు.

రంగు వేశాక కనబడింది. పదకొండింటిలో తొమ్మిది సాళ్ళ చివర, గట్టు వారగా ఉన్నాయి.

ఎగిరే పురుగు సాలు చివరా, నడుమా అని చూసుకోదు. సాళ్ళ చివర్లకు వచ్చేవి ఎండ్రికాయలు. గట్టు బొక్కల్లోంచి వచ్చి లేత నారును కత్తిరించి పోతాయి. కత్తిరించిన చోట ఖాళీ ఉండాలి. ఆమె మడిలో ఖాళీలు లేవు. నూట ఇరవైకి నూట ఇరవై దుబ్బులూ ఉన్నాయి. అంత నిండైన మడిని చూసి అప్పట్లో ఆమె గర్వపడింది కూడా.

ఖాళీల్లో ఎవరైనా వేరే రకం నారు పెట్టారేమో పంటను చూసి తేల్చుకునే వీలు లేకపోయింది. కంకులు తీసే వేళకు వాన కొట్టి మడంతా పడిపోయింది. ఏది ఏ రకమో చూడకుండానే కోసేశారు. ఫారం పనులు చూసే సమ్మయ్యను అడిగితే, నాట్లూ కలుపులూ దుర్గవ్వ గుంపే చేసిందని, దుర్గవ్వ ఇప్పుడు సిరిసిల్లలో కూతురి దగ్గరుంటోందని చెప్పాడు.

"ఫోన్ కొట్టకు మేడం, ఫోన్ల ఆమెకు సక్కగ ఇనరాదు. పోయి ఎదురుంగ కూసుండి అడుగు" అన్నాడు.

ఎదురుగా కూర్చోవడమే ఆమెకు ఇష్టం లేనిది.

శనివారం సాయంత్రం కోరుట్లలో దిగి ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద తండ్రి నర్సింగం ఇద్దరు ముగ్గురితో మాట్లాడుతున్నాడు. పందొమ్మిదేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చి ఇప్పుడు పసుపు, మక్క వేస్తున్నాడు. బిడ్డ డాక్టర్ కాబోతోందని వాడకట్టంతా చెప్పుకున్నాడు. పక్కింటి పెద్దాయన ఆమెను చూడగానే లుంగీ కొంచెం పైకి లాగి మోకాలు ముందుకు పెట్టాడు. సూది వేస్తుందా అని అడిగాడు.

"ఏస్తది. వరికి" అన్నాడు నర్సింగం. "మా బిడ్డ వరి డాక్టర్. నీ మోకాలుకు పిలకలు గిట్ల పుడితే అప్పుడు రా."

అందరూ నవ్వారు. సుధ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కోకుండానే వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. తల్లి సుమిత్ర రొట్టె కాలుస్తూ రెండుసార్లు తల తిప్పి చూసింది.

అన్నాల దగ్గర సుధ సగం మాటే చెప్పింది. పీహెచ్‌డీకి ఈసారి కాక వచ్చే ఏడు పెడితే ఎట్లుంటుందని, ఏదో లోకాభిరామంగా అడిగినట్టు అడిగింది. నర్సింగం నమలడం ఆపాడు.

"నడుమ సందు ఇయ్యద్దు బిడ్డా. నేను పందొమ్మిదేండ్లల ఒక వీసాకు ఇంకో వీసాకు నడుమ ఇంట్ల ఇరవై రోజులున్ననో లేదో. ఆగినోని కోసం బండి మల్ల రాదు."

"గా ఇరవై రోజులే నువ్వు మాకు యాదున్నవ్" అంది సుమిత్ర, రొట్టె తిరగేస్తూ.

నర్సింగం చెంబెత్తి నీళ్ళు తాగాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

సుధకు తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. ఏదైనా చేతికి అందే ముందు అందులో లోపం వెతకడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. పదో తరగతి ఫలితాల రోజు తన నంబరు కనబడ్డాక కూడా ఎవరిదో చూశానేమోనని మూడుసార్లు నెట్ సెంటర్‌కు వెళ్ళివచ్చింది. ఇదీ అదేనా? భయం నిజాయితీ వేషం వేసుకుని వచ్చిందా? లేక ఇన్నాళ్ళూ తాను ఉత్సాహమనుకున్న తొందరే అసలు భయమా? ఈ ఇంట్లో ఆగడమంటే ఓడిపోవడమే. సెలవు మీద వచ్చిన బాపు సూట్‌కేసు మంచం కింద ఎప్పుడూ సగం సర్దే ఉండేది. అది ఎప్పుడు నిండుతుందోనని చూస్తూ పెరిగిన పిల్లకు, ఎక్కడికీ వెళ్ళకుండా ఒక ఏడు గడపడమంటే ఏమిటో ఊహకు కూడా అందదు. రెండు గొంతులూ ఆమె గొంతులాగే ఉన్నాయి. ఏది అబద్ధమాడుతున్నదో పోల్చుకోలేకపోయింది.

ఆదివారం పొద్దున వేములవాడ బస్సెక్కింది. మొక్కులకు పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. గుండు చేయించబోయే పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకున్న ఒకావిడ సుధ సంచిని కూడా తన కాళ్ళ దగ్గర సర్దింది. ఆ దారి పొడుగునా సుధ ఒకే పని చేసింది: దుర్గవ్వను ఏమని అడగాలో మనసులో కూర్చుకుంది.

ప్రశ్నను ఎటు వంచితే జవాబు అటు వంగుతుందని ఆమెకు తెలుసు. రైతుల సర్వే పాఠంలోనే చెప్పారు. "మందు కొట్టలేదు కదా" అని అడిగితే ఎవరూ కొట్టామనరు. "మందు ఎన్నిసార్లు కొట్టిన్రు" అని అడిగితే లెక్క చెబుతారు. ఆ పాఠంలో ఆమెకు మంచి మార్కులొచ్చాయి. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేలోపు ఆమె మనసులో రెండు ప్రశ్నలు తయారైనాయి. రెండోది సరైనది. సరైనదే అడుగుతానని తనకు తాను చెప్పుకుంది.

దుర్గవ్వ కూతురి ఇల్లు ఇరుకు సందులో ఉంది. పక్క షెడ్డులో సాంచాలు, బట్ట నేసే మరమగ్గాలు, ఆడుతున్నాయి. ఆ చప్పుడుకు గోడ సన్నగా అదురుతోంది. దుర్గవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సుధను చూసి చాట పక్కన పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళోకే లాక్కుంది.

"సుధమ్మా, గింత ఎండల అచ్చినవేంది? బురదల కొంగ లెక్క నడుస్తుంటివి, గిప్పుడన్న నడుసుడు నేర్చినవా?"

నీళ్ళిచ్చింది, చాయ్ పెట్టమని కూతురికి చెప్పింది, సమ్మయ్య ఇంకా అట్లాగే తిడుతున్నాడా అని అడిగింది. సుధ అన్నిటికీ జవాబులు చెప్పింది. తర్వాత గోడ చప్పుడుకు మించి గొంతు పెంచి అడిగింది.

"అవ్వా, మన మడిల పదిహేడో నంబరు కాడ వేరే నారు ఏం పెట్టలేదు గదా?"

దుర్గవ్వ తల ఎత్తలేదు. "లేదు బిడ్డ. నువ్వు కలపద్దన్నంక నేనెందుకు కలుపుత?"

అయిపోయింది. సుధ భుజాలు దిగాయి. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి గోడకు వీపు ఆనించింది. చాయ్ వచ్చింది. చాయ్ తీయగా ఉంది. రెండింటి బస్సు పట్టుకుంటే సాయంత్రానికి హాస్టల్లో ఉండవచ్చు, రేపు పటం అచ్చు తీయవచ్చు, వచ్చే మంగళవారానికి అన్నీ ఇచ్చేయవచ్చు. దుర్గవ్వను స్వయంగా అడిగి రూఢి చేసుకున్నానని ఎవరికైనా చెప్పవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

సగం చాయ్ దగ్గర చేయి ఆగింది. తాను అడిగింది మొదటి ప్రశ్న. బస్సులో పక్కకు పెట్టిన ప్రశ్న. ఆ "గదా"ను తానే తెచ్చి దుర్గవ్వ నోట్లో పెట్టి, తానే తీసుకుంది. దీనికోసమే ఇంత దూరం వచ్చిందా? ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని, నిజం తెలుసుకున్నట్టు తనకు తానే కనబడాలనా? అది అర్థమయ్యేసరికి ఆమెకు దుర్గవ్వ ముఖం చూడడానికి సిగ్గేసింది.

లేచి సందు చివరిదాకా నడిచింది. బస్టాండు దారి అక్కణ్ణించి కనబడుతోంది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"అవ్వా, పోయినేడు ఎండ్రికాయలు ఎట్ల కొట్టినయి?"

దుర్గవ్వ చేతిలో ఆకు అట్లాగే ఆగింది. ముఖం విప్పారింది.

"ఎట్లనా? అబ్బో, గట్టెంబడి బోసి బోసి జేసినయి. నాటేసినంక పది రోజులకు సూస్తే పండ్లూడిన నోరు లెక్క ఉన్నది మడి. నువ్వు పట్నం పోయినవ్ గద పరీక్షకు. అచ్చి సూస్తే నీ పానం చిన్నబోతదని, గట్టు మీద మిగిలిన కట్ట దెచ్చి అన్ని నేనే సదిరిన. ఒక్క సందు లేకుంట."

"ఏ కట్ట అవ్వా?"

"గదే, మడి సుట్టూత ఏసిన నారు. గదే గద మిగిలింది."

ఎరగా పెట్టిన రకం. పురుగుకు అన్నిటికంటే ఇష్టమైన రకం. పదిహేడో నంబరు సాళ్ళ చివర కూర్చున్నది అదే.

"నడుమ గూడ ఏమన్న పెట్టినవా? గట్టుకు దూరంగ?"

దుర్గవ్వ ఆలోచించింది. "ఏమో బిడ్డ. ఏడ సందు కనబడితే ఆడ పెట్టిన. యాదికి లేదు."

కట్టలు కలపవద్దని, చీటీలు పీకవద్దని, తాడు దాటి నాటవద్దని సుధ ఆ ఆడవాళ్ళకు వందసార్లు చెప్పింది. చచ్చిన దుబ్బు చోటును ఖాళీగానే వదిలేయాలని మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పవలసిన మాటని తోచలేదు. నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషికి, కళ్ళముందు ఖాళీ చోటుంటే చేయి ఊరుకుంటుందని ఎట్లా అనుకున్నది?

దుర్గవ్వ ఆమె ముఖం చూసి చుట్టడం ఆపేసింది.

"ఏమన్న తప్పయిందా? సందు ఇడిసిపెడితే నాటేసినోళ్ళను అంటరు. నింపినందుకు గూడ అంటరా?"

"నిన్ను ఎవరంటరు అవ్వా. నేను జెప్పలే నీకు" అంది సుధ.

వేములవాడ బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఆమె సంచిలోంచి ఫీల్డు బుక్కు తీసింది. ప్రతి రోజూ మడి చూసి రాసిన పుస్తకం. దుర్గవ్వ చెప్పిన రోజులకు పేజీలు తిప్పింది. సెప్టెంబరు మూడు: "మబ్బు. మడి నిండుగా ఉంది. మార్పు లేదు." సెప్టెంబరు నాలుగు: "ఎండ. మార్పు లేదు." తన దస్తూరీయే. తన నీలి సిరాయే. ఆ రెండు రోజులూ తాను హైదరాబాద్‌లో ఫెలోషిప్ పరీక్ష రాస్తోంది. తిరిగొచ్చిన రాత్రి పుస్తకంలో రెండు పేజీలు ఖాళీగా ఉంటే బాగోదని, అంచనా మీద రాసేసింది. రాసినట్టు కూడా మరిచిపోయింది. అంత తేలికగా రాసింది.

చుట్టూ జనం, కొబ్బరికాయలు, పిల్లల ఏడుపులు. జగిత్యాల బస్సు వచ్చి, నిండి, వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు. తర్వాతి దానిలో నిలబడి వెళ్ళింది.

సోమవారం పది గంటలకు శశిధర్ రావు గారి గదిలో పటం, ఫీల్డు బుక్కు రెండూ ఆయన ముందు పెట్టింది. ముందు బుక్కులో పేజీ చూపించింది. దుర్గవ్వ సంగతి తర్వాత చెప్పింది. ఆ వరస మారకూడదని దారంతా అనుకుంటూ వచ్చింది.

ఆయన పటాన్ని దగ్గరికి లాక్కుని చూశారు. కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఆ పేజీ మీద వేలు పెట్టి, తన ఎమ్మెస్సీ బుక్కులో ఇటువంటి పేజీలు ఎన్నున్నాయో ఇప్పుడు వెతకాలన్నా భయమేస్తుందన్నారు. తర్వాత నడుమ ఉన్న రెండు ఎర్ర సున్నాలను పెన్నుతో తట్టారు. తొమ్మిది పోతే పోనీ, ఈ రెండూ గట్టుకు దూరంగా ఉన్నాయి, ఇవి నిజమే కావచ్చు అన్నారు. నిజమైతే పురుగు నిజంగానే మారింది. అది తేల్చడానికే కదా పీహెచ్‌డీ అన్నారు. థీసిస్‌లో ఈ రకాన్ని తీసేసి మిగతా ఇరవై తొమ్మిదితో ఇచ్చేయమన్నారు. ఆయన చెప్పిన ప్రతి మాటా సబబుగానే ఉంది. అదే ఆమెను నిలబడనివ్వలేదు.

"మిగతా ఇరవై తొమ్మిదింటిల ఎన్ని సందులు నింపిందో మనకు తెల్వది సార్. ఆ రెండు గూడ నింపినవే కావచ్చు. పదకొండని రాసినం. నేనిప్పుడు రెండని గూడ రాయలేను."

"మరేం జేస్తవ్?"

"ఈ వానాకాలం మల్ల ఏస్త. థీసిస్‌కు గడువు పొడిగించమని పెడ్త."

"వచ్చే ఏడాది నేను తీసుకోలేను సుధా. నీకు తెలుసు. వేరే గైడు కాడికి పోతే వాళ్ళు ఉల్లికోడే ఇస్తరని లేదు. అసలు సీటే వస్తదని లేదు."

"తెలుసు సార్."

ఆ మాట తేలికగానే వచ్చింది. లోపల మాత్రం ఏమీ స్థిమితపడలేదు. ఒక నిర్ణయం తీసుకుంటే మనసు చెరువులా నిలుస్తుందని ఎక్కడో విన్నది. ఆమెకు అట్లా ఏమీ కాలేదు. ఆయన బుధవారం దాకా ఆలోచించుకోమన్నారు. పటం వెనక్కి ఇస్తూ ఒక క్షణం దాన్ని వదలలేదు. ఇద్దరి చేతుల నడుమ ఆ కాగితం కాసేపు ఉండిపోయింది.

బయటికి రాగానే ఫోన్ తీసింది. బాపు నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ జేబులో పెట్టుకుంది. బాపుకు చెప్పాలి. అరుగు మీది వాళ్ళకు బాపు ఏదో ఒకటి చెప్పుకోవాలి. ఈ పూట కాదు. బుధవారం దాకా ఆగితే మాత్రం తాను ఏం చేస్తుందో ఆమెకు బాగా తెలుసు. సార్ చెప్పిన సబబైన మాటలు రెండు రోజుల్లో ఆమె మాటలైపోతాయి.

ఫారంలో సమ్మయ్య గట్టు మీది మోటారు షెడ్డు దగ్గర ఉన్నాడు. పోయిన ఏటి మడే మళ్ళీ కావాలని, ముప్పై రకాలకూ నెలాఖరుకు నారు పోయాలని చెప్పింది.

"పుస్తకం అచ్చుకు పోతున్నదంటివి గద మేడం?"

"పోతలేదు."

సమ్మయ్య ఆమెను కిందినుంచి మీదిదాకా చూశాడు. నాటుకు ఎవర్ని పిలవాలని అడిగాడు. ఎవరైనా సరే, నాటేసిన నాటి నుంచి రోజూ తానే గట్టు మీద ఉంటానంది.

"ఈసారి పరీక్షలేం లేవా?"

"లేవు."

దరఖాస్తు గడువు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో ఏ గంటనైనా తన మనసు మారవచ్చు. సమ్మయ్య రిజిస్టర్ రేపు రాసుకుంటానన్నాడు. ఇప్పుడే రాయమంది. అతను గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్ళి రిజిస్టర్ తెచ్చి, మడి నంబరు, ఆమె పేరు, తేదీ రాసి ముందుకు తోశాడు. ఆమె సంతకం పెట్టింది. సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, అప్పుడు గట్టు దిగింది.